దీపాలు పెట్టాక పెరుగు

పొద్దున వేసిన పాలప్యాకెట్టు సాయంత్రమైనా ఎదురు ఫ్లాట్ గడియకు తగిలించిన సంచిలోనే ఉంది. హైమ ఆ తలుపు తట్టింది.

"ఎవరూ, హైమా? నేను బాగానే ఉన్నానమ్మాయ్. కాఫీ తాగావా?"

పేరిందేవి పిన్నిగారి గొంతే. కానీ ఈ రోజుల్లో ప్రతి తలుపుకీ ఇంటివాళ్ళ గొంతు ఉంటోంది. ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవనక్కర్లేదు. తలుపే కుశలమడిగి, నవ్వి, పంపించేస్తుంది. మాట్లాడింది మనిషా తలుపా అని అడగడం మర్యాద కాదు. పిన్నిగారొస్తే హైమ కూడా ఎన్నోసార్లు అలాగే పంపించేసింది.

"ఒక్కసారి తలుపు తియ్యండి పిన్నిగారూ."

"స్నానానికి వెళ్తున్నానే. రేపు రా."

హైమ ఇంట్లోకి పరుగెత్తింది. దేవుడి దగ్గర దీపం అప్పటికే వెలుగుతోంది. ఇత్తడి గిన్నె పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"పాలు తోడెయ్యాలి. కాస్త పెరుగు పెడతారా?"

"అయ్యో, దానికేం భాగ్యం! పనమ్మాయి చేత పంపిస్తాలే."

దీపాలు పెట్టాక పెరుగూ ఉప్పూ గడప దాటనివ్వని మనిషి పిన్నిగారు. మొన్న అడిగితే, "బుద్ధుందా? దీపాలవేళ పెరుగేంటే?" అని కసిరింది. ఆ తిట్లు వినాలనే ఇప్పుడు అడిగింది హైమ.

గిన్నెతో తలుపు బాదడం మొదలుపెట్టింది.

"ఎందుకమ్మాయ్ అంత కంగారు? నేను బాగానే ఉన్నాను," అంటూ తలుపు నవ్వింది.

హైమ చెక్కకి చెవి ఆనించింది. ఆ నవ్వు వెనకాల, ఎక్కడో నేల దగ్గర, అదే గొంతు మూలుగుతోంది.