ముందు, తర్వాత

"ఏటే ఝాన్సీ, నా ఫోటోలు నీ వాట్సాప్‌లో ఎందుకెట్టినావు?" చేపల గంప దించుతూనే నేస్తాన్ని నిలదీసింది చిన్నతల్లి.

నిరుడు లావుగా ఉన్నప్పటి ఫోటో, పక్కన సన్నబడ్డాక నిన్న తీసిన ఫోటో. కింద "మా పౌడరు మహిమ" అని ఉంది.

"నీ పౌడరు నేనెప్పుడు తాగినానే?"

"కోప్పడకే. నిన్ను సూసి ఇద్దరు సేరతామన్నారు. అప్పుసేసి పౌడరు కంపెనీకి కట్టినాను, నా కింద మనుషులు సేరకపోతే నేను మునిగిపోతాను."

"నేనెందుకు సిక్కినానో నీకు తెల్దా?"

భర్త గిరిబాబు సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగిరానప్పటి నుంచి చిన్నతల్లికి ముద్ద దిగడం లేదని ఊరందరికీ తెలుసు.

చిన్నతల్లి ఫోనులో ఆ లావు ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. అంచున, ఆమె భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలింది.

"మా ఆయన్ని కత్తిరించీసినావా?"

"అడ్డమొచ్చినాడని..." అంటూనే ఆగిపోయింది ఝాన్సీ.

"పూర్తి ఫోటో ఉంటే నాకు పంపవే. నా దగ్గర ఆయనది ఒక్కటీ లేదు."