రెండు గంటల దూరం

రెండు గంటలే. కరాచీలో విమానం ఎక్కితే రెండు గంటల్లో బొంబాయి, ఐదొందల యాభై మైళ్ళు అని దర్జీ పనికి పోయిన హజరత్ వలి మొదటి జాబులోనే పెళ్ళాం హుస్సేన్‌బీకి రాశాడు. రెండు గంటలంటే ఎంత? రోడ్డు పనిలో నాలుగు గంపల కంకర కొట్టేంత. పెన్న ఇసుకలో చెలమ తోడి, ఒక బిందె నీళ్ళు ఊరేదాకా కూర్చునేంత. అంతలో మనిషి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వచ్చేస్తాడు. రాకపోతే ఆ రెండు గంటలు ఎక్కడికి పోతాయి?

"హుస్సేన్‌బీ, ఇంటాండావా?"

ఖాజీ గౌస్ మొహిద్దీన్ కళ్ళజోడు తీశాడు. ఆమె తెచ్చిన జాబు ఆయన ఒళ్ళో ఉంది.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"నిన్న మాపున."

"మూల చింపిన జాబు. చావుకబురును రాత్రంతా ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా?"

"చదువు రానిదాన్ని, ఖాజీసాబ్. మూల ఎలక కొరికిందేమో అనుకుంటి."

ఆయన చదివి చెప్పాడు. వలితో ఒకే గదిలో ఉండే గుంతకల్లు మనిషి రాశాడు. మూడు రోజులు జ్వరం. అక్కడే మట్టి చేశారు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎన్నాళ్ళాయె?"

ఖాజీ వేళ్ళ కణుపులమీద లెక్కపెట్టాడు. నమ్మకం చాలక మళ్ళీ పెట్టాడు.

"నాలుగు నెలల ఇరవై రోజులు. విమానంలో వచ్చే జాబు, యుద్ధంలో యాడ చిక్కుకుండెనో."

"అయితే నేను గడప దాటకుండా ఇద్దత్ కూర్చోవల్లనా?"

"మొగుడు పోయిన దినం నుంచే లెక్క బిడ్డా, తెలిసిన దినం నుంచి కాదు. నాలుగు నెలల పది రోజులు, నూట ముప్పై దినాలనుకో. నీకు తెలీకుండానే అయిపోయింది." ఆయన గొంతు తగ్గించాడు. "ఒకందుకు మేలే. అప్పుడే తెలిసింటే మనోళ్ళు నిన్ను గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. కంకర పని లేకుంటే, ఈ కరువులో మీ అత్తాకోడళ్ళు ఏమైపోయిందురో."

ఆమె లేచి, జాబు తీసుకోకుండానే ఇంటికి నడిచింది.

గుడ్డి అత్త మస్తానాబీ గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. హుస్సేన్‌బీ ఎదురుగా కూర్చుని, రెండే మాటల్లో చెప్పింది. ముసలామె నేలకు తల బాదుకుంది. ఏడ్చి ఏడ్చి ఒకచోట ఆగి, చెవి అటు తిప్పింది.

"నీ ఏడుపు ఇనపడదేమే? వాడు నీ మొగుడు కాదా? రాతిగుండెదానా."

హుస్సేన్‌బీ లేచింది. కుండలో మిగిలిన చెంబెడు నీళ్ళలో కొంగు తడిపి, తలుపు వెనక గోడమీద రోజుకొకటి చొప్పున తాను గీసుకున్న నూట ముప్పై బొగ్గు గీతలను ఒక్కొక్కటే తుడిచేసింది.