అంతర్వేది పోయేయండి

ఇసుక ట్రేలో నేను దాచిన ప్లాస్టిక్ ఎముకల్ని ఎల్కేజీ పిల్లలు పెయింటింగ్ బ్రష్షులతో తుడిచి తుడిచి బయటికి తీసేరు.

“మరి ఈ డైనోసార్లన్నీ ఏమైపోయేయి?” అనడిగేను. అంతరించిపోయేయని నిన్ననే నేర్పేను.

సత్యప్రియ చెయ్యెత్తింది. “అంతర్వేది పోయేయండి!”

నవ్వాపుకోలేకపోయేను. ఫోను తీసి, దానిచేత మళ్లీ చెప్పించి, వీడియో తీసేను. ఆయమ్మని కూడా పిలిచి చూపించేను.

“మా నాన్న కూడా అక్కడికే వెళ్లేడండి. కొత్త బోటు తెస్తాడండి,” అంది సత్యప్రియ.

“అంతర్వేది కాదే మొద్దూ, అంతరించిపోవడం! అంటే చచ్చిపోవడం. ఇంకెప్పటికీ తిరిగి రాకపోవడం.”

బోర్డు దగ్గర నిలబెట్టి పదిసార్లు అనిపించేను. ఏడుస్తూనే అంది. పదోసారి తప్పు లేకుండా పలికింది.

సాయంత్రం వాళ్లమ్మ గేటు దగ్గరికి రాగానే పరిగెత్తింది. “నాన్న అంతర్వేది పోలేదమ్మా. నువ్వు తప్పు చెప్పేవు. నాన్న అంతరించిపోయేడు.”

ఆవిడ బోసి మెడ అప్పుడు చూసేను నేను.

“కాస్త పెద్దదయ్యేక చెబుదామనుకున్నానండి,” అంది ఆవిడ, నాకేసి చూడకుండా.

సత్యప్రియ నా కొంగు పట్టుకు లాగింది. “ఇప్పుడు కరెక్టుగా చెప్పేను కదండీ టీచర్?”