పచ్చగా ఉన్నందుకు

“ఆఫీసరు వచ్చిపోయేదాకా నీళ్లు పెట్టొద్దన్నానా లేదా?” గట్టు మీద నిలబడి రైతు పళ్లు నూరాడు.

“అన్నావులేవయ్యా. మొక్కలు తలలు వాల్చేస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయాను,” అంది పెళ్లాం, ఖాళీ కావడి దించుతూ.

సర్కారు సాయం ఎండిన చేలకే. దాని మీదే ఆశంతా పెట్టుకున్నాడు రైతు. వీళ్ల టమాటా తోటేమో సిగ్గులేకుండా నిగనిగలాడుతోంది.

ఆఫీసరు రాగానే అతను పక్క చేను చూపించాడు.

“ఇదే సార్ మాది. మాడి మసైపోయింది.”

“పొద్దున్నుంచి ఈ చేను నాదన్నవాళ్లలో నువ్వు అయిదోవాడివి,” అన్నాడు ఆఫీసరు. “మరి ఆ పచ్చటి తోట ఎవరిది?”



“మాదే,” అంది ఆవిడ. “కావడితో మోసి బతికించాను. దానికేమిస్తారు?”

“బతికించినవాళ్లకిచ్చే పథకం లేదమ్మా.”

“అయితే చంపుకుంటేనే ఇస్తారన్నమాట!”

ఆఫీసరు బండెక్కి వెళ్లిపోయాడు.

పెళ్లాన్ని తిట్టడానికి రైతు గిర్రున తిరిగాడు. కావడి ఎత్తుకోబోతున్న ఆవిడ భుజం కమిలిపోయి కనపడింది. చటుక్కున కావడి లాక్కున్నాడు.

“ఎక్కడికయ్యా?”

“ఎక్కడికేంటి, నీళ్లకి! ఆ చివరి సాలు వాడిపోతోంది, కళ్లు కనపట్లేదా నీకు?”