ఎఫ్ ఆఫ్ ఎక్స్

మదనపల్లె పరీక్షా కేంద్రం గేటు దగ్గరే నన్ను ఆపేశారు.

"చూపులేని పిల్లకు లెక్కలు తెలిసినోళ్లు ప్రశ్నలు సదివి పెట్టకూడదమ్మా. రూలు. తొమ్మిదో తరగతి పాపను మేమే పెట్టినాము," అన్నాడు అధికారి.

"తెలియని పాప ఎట్ల చదువుతుందప్పా?"

"అక్షరాలొస్తే సాలు కదమ్మా."

నా మనవరాలు మునీశ్వరికి ఇంటర్ లెక్కల పుస్తకం తొమ్మిది నెలలు చదివి వినిపించాను. 'ఎఫ్ ఆఫ్ ఎక్స్' అని పలకాలని పుంగనూరు లెక్చరర్ దగ్గర నేర్చుకున్నది ఈ పరీక్ష కోసమే.

పన్నెండుకు మునీశ్వరి బయటికొచ్చింది.

"ఎట్ల రాసినావు?"

"ఆ పాప మంచిదే అవ్వా. లెక్కల గుర్తు ఎదురైనప్పుడల్లా, దీన్ని ఎట్ల సదవాలక్కా అని నన్నే అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏదని అడిగినాను. ఇదో, ఇది అని కాగితం మీద వేలితో తట్టింది."