రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు

"పాం, పాం, పాఁ...మ్."

ఫింటన్ ఎప్పుడు హారన్ కొట్టినా అంతే. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ముందున్న కారు అంగుళం కూడా పక్కకి జరగలేదు. దాని ముందు ఇంకో కారు, దాని ముందు మరోటి, వానలో అన్నీ వరసగా పాకుతున్నాయి.

"ఎవడో ట్రాక్టరు నిండా గడ్డి వేసుకుని ఊరేగుతున్నాడు. వాడి వెనకాల ఈ గొర్రెల మంద," అని పళ్లు నూరాడు. జూన్ నెలలో ఆ రోడ్డు మీద ట్రాక్టరు వెనక ఇరుక్కోని రోజంటూ ఉండదు.

పదకొండుకి చర్చిలో మలాకీ అంత్యక్రియలు. మలాకీ భార్య నోరీన్ పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పింది. "శవపేటిక మోసేటప్పుడు ముందువరసలో ఎడమవైపు నీది, ఫింటన్. మా పెళ్లికి ఎలాగూ ఆలస్యంగానే వచ్చావు. దీనికి మాత్రం అలా చెయ్యకు. నువ్వు లేకపోతే ఆ చోటు పక్కింటి కోలమ్‌కి ఇచ్చేస్తారు."

తీరా చూస్తే తన ఎర్రకారు ఇంకా మెకానిక్ దగ్గరే ఉంది. తను అద్దెకుండే ఇంటావిడ బూడిదరంగు కారు బతిమాలి తీసుకుని బయల్దేరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. చిన్ననాటి స్నేహితుణ్ణి ఎవరో మోస్తుంటే తను వెనకాల నిలబడి చూడాలా?

మళ్లీ హారన్ మోగించి, కుడివైపుకి లాగి, ఒక్కో కారునీ దాటడం మొదలుపెట్టాడు. ఎవరో అద్దం దించి చెయ్యి ఊపుతూ ఏదో అరిచారు.

"నీకు పనీపాటా లేకపోతే ఊరందరికీ లేదా?" అని ఫింటన్ కూడా అరిచాడు.

ఎదురుగా వస్తున్న ముసలాయన కారుని కంచెకి ఆనించి ఆపేశాడు. టోపీ తీసి గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"నా డ్రైవింగ్ చూసి పైప్రాణాలు పైనే పోయినట్టున్నాయి పాపం," అని ఫింటన్ నవ్వుకున్నాడు కూడా.

అన్నిటికన్నా ముందున్న బండి పక్కకి రాగానే ఇంకోసారి గట్టిగా కొట్టి, తిట్టడానికి తల తిప్పాడు. ట్రాక్టరు కాదు. నల్లటి పొడుగాటి బండి. అద్దాల వెనక పువ్వులు, పువ్వుల కింద పేటిక.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఐర్లండులో పుట్టినవాడెవడూ శవవాహనాన్ని దాటి పోడు. ఎంత తాగుబోతైనా సరే, దాని వెనకే వస్తాడు. వెనక్కి తగ్గుదామంటే దూరడానికి సందు లేదు. సిగ్గుతో చెవులు మండిపోతుంటే ముందుకే తొక్కాడు. 'ఎవరో ఏమో, దేవుడు క్షమించుగాక. మన మలాకీ ఈపాటికి చర్చిలో ఉంటాడు,' అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

చర్చిలో పిట్టమనిషి లేడు. ఫాదర్ ఒక్కడే గొడుగేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అందరికన్నా ముందు నువ్వొచ్చావా ఫింటన్? ఈ వింత నా జన్మలో చూస్తాననుకోలేదు," అన్నాడాయన. "మలాకీని ఆఖరిసారి వాళ్ల ఇంటి మీదుగా తిప్పి తీసుకొస్తున్నారు. అందుకే ఆలస్యం."

అంటే ఫింటన్ దాటొచ్చింది మలాకీనే. గబగబా వెళ్లి కారుని చర్చి వెనక గోడ చాటున పెట్టి వచ్చాడు.

కాసేపటికి నల్లబండి వచ్చి ఆగింది. వెనకే కార్లన్నీ ఆగాయి. దిగినవాళ్లు దిగినట్టే మండిపడుతున్నారు.

"ఆ దరిద్రుణ్ణి చూశావా?" అన్నాడు కోలమ్. "బూడిదరంగు కారు. శవం వెనక హారన్ కొడతాడా? మనిషి పుట్టుక పుట్టాడా అసలు?"

"నేను... అవతలి రోడ్డున వచ్చాను," అన్నాడు ఫింటన్. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "సిగ్గులేని మనుషులు," అని కూడా అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నోరీన్ దగ్గరికొచ్చి, వానకి తడిసిన అతని కోటు కాలరు సరిచేసింది. అతను ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"నోరీన్, ముందువరసలో కోలమ్‌ని పెట్టు. ఆ చోటుకి నేను తగను. ఎందుకంటే..."

"నాకు చెప్పక్కర్లేదు. కారు ఎవరిదైతేనేం, హారన్ నీదేగా," అందామె మెల్లగా, ఎవరికీ వినపడకుండా. "ఇన్నేళ్లూ ప్రతి శనివారం మా గేటు ముందు అలా కొట్టే కదా ఆయన్ని పిలుచుకుపోయావు. ఇందాక అది వినపడగానే, ఒక్క క్షణం, ఆయన లేచి టోపీ వెతుక్కుంటాడేమో అనుకున్నాను."