రెండు గోరీలు

తుపాకులవాళ్ళ దళపతి కుండ మూత తీసి చూశాడు. చేదు పోవడానికి మూడు రోజులుగా నానుతున్న అడవికాయలు. ఒకటి నోట్లో వేసుకుని థూ అని ఉమ్మేశాడు.

“ఇవి మనుషులు తినేవేనా?”

“మేం తింటున్నాం కదయ్యా,” అంది ఆ ఇంటావిడ కల్తూమ.

సూడాన్‌లోని డార్ఫర్‌లో ఆ ఏడు జొన్నచేలు చాలావరకు తగలబడ్డాయి. మిగిలిన గింజల కోసం తుపాకులవాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు. గొయ్యి తీసి గింజలు దాచుకోవడం అక్కడ తాతలనాటి అలవాటు. అందుకే వాళ్ళు తుపాకులతోపాటు పారలూ తెచ్చుకుంటారు. ఆ పారలేవో చేలో పట్టి ఉంటే ఎంత బాగుండేది!

పెరట్లో రెండు కొత్త గోరీలున్నాయి.

“ఇవెవరివి?”

“చిన్నది మా ఆయనది. పెద్దది మా ఇసాగాది. తొమ్మిదేళ్ళు వాడికి.”

“తొమ్మిదేళ్ళ వాడికి అంత గోరీనా? మా చెవుల్లో పువ్వులు కనిపిస్తున్నాయా?” దళపతి నవ్వాడు. “నిన్న పక్క ఊళ్ళో ఒకావిడ మామగారి గోరీ అంది. తవ్వితే ఎనిమిది బస్తాలు!”

“గింజ ఉంటే బిడ్డను చంపుకుంటానా? ఆకలో అని ఏడ్చి ఏడ్చి పోయాడయ్యా. ఆఖరి రోజు మట్టి తిన్నాడు.”

వాళ్ళలో ఒకడు చిన్న గోరీలో పార దించబోయాడు. కల్తూమ ఒక్క పరుగున వెళ్ళి పెద్ద గోరీ మీద బోర్లా పడింది.

“నా ప్రాణం పోయినా వీణ్ణి ముట్టుకోనివ్వను!”

దళపతి కన్నుగీటాడు. “ఎక్కడ ఏడిస్తే అక్కడే ఉంటుందిరా సరుకు. దాన్ని లాగి, ఇది తవ్వండి.”

ఇద్దరు ఆమెను ఈడ్చి పట్టుకున్నారు. నడుం లోతు తవ్వాక పారకు గుడ్డ తగిలింది. కల్తూమ పెళ్ళినాటి పైగుడ్డ అది. దాని వెనకే వాసన వచ్చింది. తవ్వినవాడు పార వదిలేసి గోడ దగ్గరికి వెళ్ళి కక్కుకున్నాడు.

“రెండోది?” అన్నాడొకడు, ముక్కు మూసుకుని.

“బుద్ధుందా నీకు? పదండి!” దళపతి ఆమె మొహం చూడలేకపోయాడు. పోతూపోతూ గుమ్మంలో గుప్పెడు ఖర్జూరాలు పెట్టాడు. అతని పాపభీతి ఆ గుప్పెడే.

ఇసాగాను రెండోసారి పూడ్చడం మొదటిసారి కన్నా కష్టమైంది. కల్తూమ చేతులతోనే మట్టి లాగింది. ఆరేళ్ళ నఫీసా చంకలోని చెల్లిని దించి తనూ ఓ చెయ్యి వేసింది.

“అమ్మా, నాన్నది తవ్వుకోమనాల్సింది. నాన్న పెద్దోడు కదా. అన్నకి భయమేసుంటుంది.”

కల్తూమ ఒక ఖర్జూరం కూతురి నోట్లో పెట్టింది. తూర్పున మబ్బు పడుతోంది. చాలాసేపు అటే చూసింది.

“వాన పడనీ తల్లీ. నువ్వూ చెల్లీ బతుకుతారు.”

నాన్న గోరీలో ఉన్నవి విత్తన జొన్నలు.